పన్నెండు ఆణిముత్యాలు

“ఈ పెన్‌డ్రైవులు సాయంత్రం ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు” అన్నాడు జగన్నాథరావు, చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెడుతూ.

తెనాలిలో డేనియల్ రికార్డింగ్ గది అది. సాయంత్రం ఆరింటికి ఆవిష్కరణ. అభిమానులు హాలు మాట్లాడారు, దండలు చెప్పారు. మూడు వందల పెన్‌డ్రైవులు అట్టపెట్టెలో సిద్ధంగా ఉన్నాయి. ఒక్కోదాని మీద కిరీటంతో జగన్నాథరావు బొమ్మ, కింద ‘పద్యాల ఆణిముత్యాలు’ అని బంగారు అక్షరాలు. నలభై ఏళ్లు నాటకాల్లో రాజు వేషం కట్టిన మనిషి పాడిన పద్యాల్లో మేలైనవి పన్నెండు ఏరి, రేపల్లెలోనూ బాపట్లలోనూ ఎవరో పట్టిన పాత టేపుల్లోంచి తీసి, డేనియల్ నెల రోజులు కూర్చుని తయారు చేశాడు.

లోపమేంటో చెప్పండి, సరిచేస్తానన్నాడు డేనియల్. రాజు వేషాలు కట్టినవాళ్లకి కిరీటం దించినా బెట్టు దిగదు. పెద్దాయన అసలు సంగతి చెప్పకుండా ముందు ఏరికూర్చడాన్నే తిట్టిపోశాడు. నాటకం వదిలేసి పద్యాలు ఏరుకోవడం పులుసు వదిలేసి ముక్కలు ఏరుకు తిన్నట్టేనట. రాజుకి ఎవరి మీద కోపమో తెలియదు, ఎందుకొచ్చిందో తెలియదు, ఊరికే గొంతు చించుకుంటున్నట్టు ఉందట.

డేనియల్ కూడా తగ్గలేదు. ఐదు గంటల నాటకం ఈ రోజుల్లో ఎవరు వింటారండీ అన్నాడు. పద్యమంటే ఏంటో తెలియని కుర్రకారు కూడా బస్సులో చెవిలో పెట్టుకుని ఇవి వింటారు, పన్నెండింట్లో ఒక్కటి నచ్చినా పదమూడోదాన్ని వాళ్లే వెతుక్కుంటారు అన్నాడు. జగన్నాథరావు మెత్తబడ్డాడు. అదీ నిజమేనని ఒప్పుకున్నాడు. నువ్వు పూనుకోకపోతే ఆ టేపులకి బూజు పట్టేది, నీ మేలు మరిచిపోనని కూడా అన్నాడు.

“మరి ఇబ్బందేంటండి?”

“పద్యం వెనకాల సన్నగా ఒక గుసగుస ఉండాలి. అదేదీ?”

“తీసేశామండి. ఇప్పుడు మీ గొంతు ఒక్కటే, కడిగిన ముత్యంలా ఉంది.”

“అందుకే వద్దంటున్నాను.”

జగన్నాథరావు తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. సింహాసనం వెనక చామరం వీస్తూ నిలబడే బంటు వేషం ముత్తయ్యది. రేపల్లె దగ్గర నగరం అనే ఊరి మనిషి. ఆ వేషానికి పద్యం లేదు సరికదా, ఒక్క మాటైనా లేదు. కానీ తెర లేచిందంటే రాజుగారి బుర్రలో పద్యాలన్నీ ఆవిరైపోయేవి. అప్పుడు ముత్తయ్య చామరం వీస్తున్నట్టే ముందుకు వంగి, పాదం తర్వాత పాదం ఆయన చెవిలో అందించేవాడు.

“నా రాగానికి జనం వన్స్ మోర్ కొట్టేవాళ్లని గొప్పగా చెబుతావు గదా. అంత పొడుగు రాగం ఎందుకు తీసేవాణ్ణనుకున్నావ్? తర్వాతి పాదం అందేదాకా నిలబడాలిగా మరి.”

డేనియల్‌కి నవ్వు వచ్చింది గానీ, పెద్దాయన కళ్లు చూసి మింగేశాడు.

“ఇది బయటపడితే మీ పరువేం కానండి?”

“పోతే పోనీ నాయనా. నలభై ఏళ్లు దండలన్నీ నా మెళ్లోనే పడ్డాయి. వాడు ఏ ఒక్కరి దగ్గరా ఇది తన చలవేనని అనలేదు. నేనీ మాత్రం మనిషినయ్యానంటే వాడి వల్లే. రేపు వాడి గొంతు ఈ లోకంలో మిగిలేది ఆ టేపుల్లోనే. దాన్ని చెరిపేసి నా పేరు బంగారంతో రాస్తే ఎలా?”

సాయంత్రం ముత్తయ్య హాలుకి వస్తాడనీ, ఆ పద్యాల్లో తన గొంతు తాను వినాలనీ, అది కుదరకపోతే ఆవిష్కరణే వాయిదా వేయిస్తాననీ తేల్చి చెప్పాడు. అంత తెలివైన కంప్యూటరు తీసినదాన్ని మళ్లీ పెట్టలేదా అని అడిగాడు.

ఎవరికీ చెప్పనని డేనియల్ ఒకరికి మాటిచ్చి ఉన్నాడు. ఇంత విన్నాక ఇక దాచబుద్ధి కాలేదు.

“కంప్యూటరు తనంతట తాను తీయలేదండి. అంత సన్న గొంతు నా చెవికే ఆనలేదు. పోయిన వారం ముత్తయ్యగారే వచ్చి, రెండు రోజులు ఈ కుర్చీలోనే కూర్చుని, పద్యం పద్యానికీ ఆపించి ‘ఇక్కడ నేనున్నాను, తీసెయ్యి బాబూ’ అని చూపించారు.”