గబ్బిలం పడ్డ చోటు

రబ్బరు గబ్బిలం సర్రున వచ్చి క్లైవ్ చేతిలోని కాగితాల మీద పడింది.

"పడిందిరోయ్!" అంటూ గదంతా గొల్లున నవ్వింది.

ఇంగ్లండులోని కేన్వీ దీవిలో, సముద్రపు గట్టు పక్కనున్న పబ్బు మేడ మీది గది అది. 'అలా జరిగి ఉంటే' సంఘం వాళ్లు నెలకోసారి అక్కడ చేరతారు. చరిత్ర మెడలు వంచి వేరే దారి పట్టించి నవలలు రాయడం వాళ్ల పిచ్చి. నమ్మశక్యం కాని మలుపు వినబడితే గబ్బిలాన్ని విసరడం వాళ్ల ఆచారం. చుక్కల లోకం నుంచి గబ్బిలాలు దిగి యుద్ధం గెలిపించాయని పూర్వం ఎవడో రాశాడట. అప్పట్నుంచీ ఇదే శిక్ష.

క్లైవ్ మొహం మాడిపోయింది. ఇవాళ గబ్బిలం పడకుండా గట్టెక్కితే నవలను లండన్ ప్రచురణకర్తకు తానే పంపిస్తానని సంఘం అధ్యక్షుడు బెర్నార్డ్ మాటిచ్చాడు. తీరా విసిరింది కూడా ఆ మహానుభావుడే.

"ఏం తప్పు దొరికిందయ్యా నీకు?"

"వరదలో బతికి బయటపడ్డ పసివాడు పెద్దయ్యి ప్రధాని అయ్యాడు, యుద్ధం ఆపాడు. సరే, ఒప్పుకున్నాం. వాణ్ణి కాపాడిన అమ్మాయి ఎక్కణ్ణుంచి ఊడిపడింది? దారిన పోయే పిల్ల, ముక్కూ మొహం తెలియని బిడ్డ కోసం తెల్లవార్లూ మంచునీళ్లలో నిలబడుతుందా? ఎవరి చెవిలో పువ్వు పెడతావు?"

"కల్పన కాదు. పందొమ్మిది వందల యాభై మూడులో ఈ దీవిని ముంచిన వరదలో మా పక్కింటి బిడ్డకు అచ్చం అలాగే జరిగిందని మా అమ్మే చెప్పింది."

"నిజంగా జరిగిందంటే చెల్లదు. సంఘం నియమం మర్చిపోయావా?" అని సంఘం సభ్యురాలు మేవిస్ అందుకుంది. "నిజానికేం, సిగ్గా ఎగ్గా? ఏమైనా చేస్తుంది. కథకు ఉండాలి సిగ్గు!"

మళ్లీ నవ్వులు.

"ఆ అమ్మాయిని తీసెయ్యకు నాయనా."

అందరూ వెనక్కి తిరిగారు. తలుపు పక్క కుర్చీలో అరవై ఏళ్ల ఆవిడ. సంఘానికి కొత్త.

ఆమె వచ్చినప్పటి నుంచీ క్లైవ్ ఓ కన్ను అటే వేసి ఉంచాడు. నిరుడు ఇలాగే ఒక కొత్తవాడు వచ్చి మేవిస్ కథంతా విని పోయాడు. కొన్నాళ్లకు ఆ కథే వాడి పేరుతో అచ్చయింది. పాము కాటు తిన్నవాడు తాడును చూసినా ఉలిక్కిపడతాడు కదా. పైగా ఈవిడ పక్కనే నిప్పు భగభగా మండుతోంది, కోటు విప్పింది, కుడి చేతి తొడుగూ విప్పింది. ఎడమ చేతిది మాత్రం విప్పలేదు.

"మీరెవరండీ?"

"ఇవాళ ఇక్కడ కథ చదువుతావని పేపర్లో నీ పేరు చూసి వచ్చాను. లీడ్స్ నుంచి."

"మా కేన్వీ పేపరు లీడ్స్ దాకా ఎప్పుడు పాకింది?"

"ఇక్కడ ఒక స్నేహితురాలుంది. పంపింది."

"పేరు?"

"నా పేరుతో పనేముందిలే. ఒక్క మాట చెప్పనా? ఆ అమ్మాయి చేత జోలపాట పాడించావు చూడు, అది బాగాలేదు. ఆ చలిలో పాటెవరికొస్తుంది? తిట్టించు. 'నిద్రపోయావంటే చంపేస్తాను వెధవా' అని తెల్లవార్లూ తిట్టించు. వాడు ఏడుస్తుంటేనే కదా బతికున్నాడని తెలిసేది!"

"భలే ఉందే!" అన్నాడు బెర్నార్డ్.

క్లైవ్ కాగితాలను దగ్గరికి లాక్కున్నాడు. తన కథను తనకంటే బాగా చెబుతోంది! రేపు ఇది ఎవరి పేరుతో వస్తుందో చెప్పడానికి జోస్యం తెలియాలా?

"ఆ చేతి తొడుగు విప్పరేం? వేలిముద్రలు పడతాయనా?"

ఆమె ఎడమ చేతిని ఒళ్లోని కోటు కిందికి లాక్కుంది. "చలి," అంది.

"నిప్పు పక్కన చలి! ఇదిగో చూడండి, మీ కళ్ల ముందే ఆ అమ్మాయిని కథలోంచి కొట్టేస్తున్నాను. ఇక దొంగిలించడానికి ఏమీ మిగల్లేదు." కలం కాగితం మీద కసిగా గీతలు గీసింది.

ఆమె ఆ గీతల వంక చూస్తూ ఉండిపోయింది.

"మరి బిడ్డ?"

"పోలీసు పడవ వస్తుంది. బతుకుతాడు."

ఆమె క్లైవ్ మొహంలోకి కాసేపు చూసింది. "అలాగే నాయనా. బిడ్డ బతికితే చాలు," అని కోటు తొడుక్కుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

"పోలీసు పడవ నమ్మేలా ఉంది. సోమవారమే పంపిస్తాను," అని బెర్నార్డ్ గబ్బిలాన్ని జేబులో పెట్టుకున్నాడు.

క్లైవ్ ఈలవేసుకుంటూ ఇంటికి వచ్చాడు. వంటింట్లో తల్లి టీ కాస్తోంది. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

"పక్కా దొంగ అమ్మా! మన పక్కింటి బిడ్డ కథ కొట్టేద్దామని వచ్చింది. ఎడమ చేతి తొడుగు చచ్చినా తియ్యలేదు."

తల్లి చేతిలోని కెటిల్ పొయ్యి మీదికి మళ్లీ దిగింది.

"ఎడమ చేతిదా? ఎటు పోయిందిరా ఆవిడ?"

"స్టేషన్ బస్సెక్కింది. ఈపాటికి రైలు కూడా వెళ్లిపోయి ఉంటుంది. ఏం, నీకు తెలుసా?"

తల్లి కుర్చీ వెతుక్కుని కూలబడింది.

"ఆసుపత్రిలో చూశాను, ఒక్కసారి. కుడి చేత్తో బిడ్డను ఎత్తిపట్టి, ఎడమ చేత్తో గుమ్మాన్ని పట్టుకుని నిలబడిందట. ఆ చేతి వేళ్లు చచ్చుబడి తీసేశారు. ఎదురుపడి పలకరించడానికి మొహం చెల్లక గుమ్మంలోంచే తిరిగొచ్చేశాను."

"పక్కింటి బిడ్డను కాపాడితే నీకెందుకమ్మా మొహం చెల్లకపోవడం?"

"మీ అక్కను చంకనేసుకుని కప్పెక్కాను. మళ్లీ కిందికి దిగే ధైర్యం లేకపోయిందిరా," అని తల్లి కళ్లు దించుకుంది. "పక్కింటి బిడ్డ అని నీకు చెబుతూ వచ్చానే గానీ క్లైవ్, ఆ వరదనాటికి మన పక్కింట్లో పిల్లలే లేరు."