మర ఆడుతున్నంతసేపు

పలకరించడానికి వచ్చినవాళ్ళకి తండ్రి తవుడు గురించి చెబుతుంటే, కూతురికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తల్లి పోయి నెల కూడా కాలేదు. ఆవిడ ఫోటోకి గోడ మీద ఇంకా మేకు కూడా కొట్టలేదు. అలమరాకి ఆనించి ఉంది. దాని ముందే కూర్చుని ఆయన, గోధుమ గింజకి పైపొర ఉంటుందనీ, లోపల మొలక ఉంటుందనీ, బలమంతా ఆ రెండింటిలోనే ఉందనీ, కొట్లో తెల్లపిండిలో ఆ రెండూ తీసేసి మనకి ఉత్త గంజిపొడి అంటగడతారనీ చెప్పుకుపోతున్నాడు. మొలకలో నూనె ఉంటుంది కాబట్టి ఆడించిన పిండి నిలవ ఉంటే చేదెక్కుతుందట. అందుకే ఏ పూట పిండి ఆ పూట ఇంట్లోనే ఆడుకోవాలట.

వచ్చినవాళ్ళు ఊఁ కొట్టి, చేతిలో పెట్టిన రొట్టె ముక్క ఎలాగో నమిలి, ఫోటో వైపు ఓసారి చూసి లేచేవాళ్ళు.

"మనిషి పోయిందని వస్తే పీచు గురించి చెప్తాడేమిటే మీ నాన్న?" అంది మేనత్త, దవడ నొక్కుకుంటూ. "ఆ రొట్టెకి నా కట్టుడుపళ్ళు కదిలాయి."

కూతురికి నవ్వు రాబోయి ఆగిపోయింది.

"ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు వాడు," మేనత్త గొంతు తగ్గించింది. "ఆసుపత్రిలోనూ లేదు, ఆ తర్వాతా లేదు. తోడబుట్టినదాన్ని, నాకే భయమేస్తోంది. అది గుండెనా, బండా అని."

ఆ మాట కూతురి మనసులో ముందునుంచీ ఉన్నదే.

ఆ పిండి ఆడే మర తల్లిది. షుగరు ఉందని తేలిన ఏడాది కొనుక్కుంది. మిక్సీ కంటే కాస్త పెద్దది. పైన గింజలు పోసే గరాటు, లోపల రెండు రాళ్ళు. స్విచ్ వేస్తే ఇల్లు దద్దరిల్లేది. ఆవిడ పొద్దున్నే పిండి ఆడి, గోరువెచ్చగా ఉండగానే కలిపి రొట్టె కాల్చేది. ఆ వాసనకే కూతురు నిద్ర లేచేది. ఉద్యోగమంతా బస్సు నడిపిన తండ్రి మాత్రం ఆ రొట్టెలతో గోడ కట్టొచ్చనేవాడు. ఇంజను మోత తప్పించుకుని ఇంటికొస్తే ఇక్కడా ఇంజనేనా అని గొణిగేవాడు. వీధి చివర కొట్లో మెత్తటి తెల్ల బ్రెడ్డు కొనుక్కుని, ఆవిడ చూడకుండా తినేవాడు.

అలాంటి మనిషి ఆవిడ పోగానే మర దగ్గర చేరాడు. పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంటాడు. తెరిచి ఉంటే పిండి ఇల్లంతా ఎగురుతుందట. ఇద్దరు మనుషుల రొట్టెకి అంతసేపు ఆడటమేమిటని కూతురు అడిగింది. గబగబా ఆడితే రాళ్ళు వేడెక్కి పిండిలో సారం పోతుందన్నాడు. పోనీ దాన్ని అలా తిరగనిచ్చి, వచ్చి కాసేపు కూర్చోమంది. గింజ అయిపోయిందేమో చూసుకోకుండా ఖాళీగా తిప్పితే రాయీ రాయీ రాసుకుని అరిగిపోతాయన్నాడు. పని అయ్యాక ముఖం కడుక్కుని, తువాలు భుజాన వేసుకుని బయటికి వచ్చేవాడు. ఆమె "అమ్మ" అని నోరు తెరిస్తే చాలు, పిండి నానిందో లేదో చూడాలంటూ లేచిపోయేవాడు.

నిజానికి తండ్రిని తనతో తీసుకువెళ్ళాలనే వచ్చిందామె. ఇద్దరూ ఒకచోట కూర్చుని, ఆవిడని తలుచుకుని ఏడవొచ్చనుకుంది. ఒక్కతీ ఏడ్చి ఏడ్చి అలిసిపోయింది. నిన్న సాయంత్రం ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"నాన్నా, నీకు అమ్మ గుర్తు రాదా?"

ఆయన పళ్ళెంలో గోధుమలు పోసుకుని మట్టిబెడ్డలు ఏరుతున్నాడు. వేలు ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఈసారి కాస్త బార్లీ కలిపి చూద్దామా?" అన్నాడు, తలెత్తకుండా.

ఆమె లేచి వెళ్ళి బట్టలు సర్దుకుంది.

పొద్దున్న తయారై వచ్చేసరికి వంటింటి తలుపు వేసే ఉంది. లోపల మర హోరెత్తిపోతోంది. ఇవాళ మరీ కీచుమంటూ చెవులు చిల్లులు పొడుస్తోంది. భోజనాల బల్ల మీద ఆయన ఏరి పెట్టుకున్న గోధుమల పళ్ళెం పక్కకి జరిపి, బ్యాగు పెట్టుకుంది. చిన్నప్పటినుంచీ తన దగ్గర ఉన్న ఈ ఇంటి తాళంచెవి, గుత్తిలోంచి విడదీసి పళ్ళెం పక్కన పెట్టింది. ఇక ఈ గడప తొక్కదు. ఆ సంగతి ముఖం మీదే చెప్పి పోవాలి.

"నాన్నా, నేను వెళ్ళిపోతున్నా."

మర హోరు.

తలుపు తట్టింది. "నాన్నా, ఒక్క మాట. ఒక్కటంటే ఒక్కటే విను."

మర ఆగలేదు. ఆమె అరచేత్తో తలుపు బాదింది. లోపల ఆయనకి వినిపించినట్టే లేదు. భార్య పోయినా మర, కూతురు పోతున్నా మర. ఈ ఒక్కసారైనా తన మాట ఆయన చెవిన పడాలి. విసవిసా వీధి గుమ్మం దాకా నడిచింది. కరెంటు పెట్టె తెరిచి, మెయిన్ స్విచ్ కిందికి లాగేసింది.

ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది, మర ఆగింది, తలుపు వెనకాల గొంతెత్తి ఏడుస్తున్న తండ్రి ఏడుపు మాత్రం వెంటనే ఆగలేకపోయింది.