మాస్టారు చెప్పని తేడా

“ట్రీట్‌మెంట్ ఆపేస్తారట. ఇకనుంచి కేర్ మాత్రమేనట!” డాక్టరు వార్డు గుమ్మం దాటాడో లేదో, మాస్టారి భార్య మంచం పక్కకు స్టూలు లాక్కుని కూర్చుంది. “హమ్మయ్య, సూదుల పీడ విరగడైంది. రేపు ఇంటికి తీసుకెళ్లొచ్చట. విన్నారా?”

విన్నానన్నట్టు మాస్టారు కళ్లు మూసి తెరిచారు.

“ఇంత మంచి కబురు చెబితే ముఖం అలా పెట్టారేం?”

ఆయన్ని పలికించే మందు ఆవిడకు తెలుసు. బతుకంతా పిల్లలకు ఇంగ్లీషు చెప్పిన మనిషి. సీ, లుక్, వాచ్ అన్నీ ఒకటేగా అని కొడుకు భార్య అన్నందుకు, కొత్త కోడలని కూడా చూడకుండా, కంచంలో అన్నం ఎండిపోయేదాకా క్లాసు పీకారు. పెళ్లయిన కొత్తలో హౌస్‌కీ హోమ్‌కీ తేడా చెప్పమని ఆవిడను ఏడిపించినంత పని చేశారు.

“సరే గానీ మాస్టారూ,” ఆవిడ కావాలనే కెలికింది, “ట్రీట్‌మెంట్‌కీ కేర్‌కీ తేడా ఏంటంట? నాకైతే రెండూ ఒకటే.”

ఆ మాట చెవిన పడితే ఒళ్లు కాలిపోయే జ్వరంలోనైనా లేచి కూర్చునేవారు. వీపు వెనక పెడదామని ఆవిడ దిండు పట్టుకుని సిద్ధంగా ఉంది.

మాస్టారు లేవలేదు. తడుముకుని ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

“అవునే,” అన్నారు మెల్లగా. “రెండూ ఒకటే.”

ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఏ రెండు మాటల్నీ ఒకటే అనగా ఆవిడ వినలేదు.

దిండు ఒళ్లో పెట్టుకుంది.

“ఎన్నాళ్లండీ?” అని అడిగింది.