మోహనలో ఒక మాట

క్యాసెట్ మళ్ళీ చిక్కుకుంది.

"ఆపు, ఆపు! గుంజకు!" ఆదినారాయణ సారు కుర్చీలోంచి లేచాడు.

బలరాం స్టాప్ నొక్కి, బయటికి వచ్చిన టేపును పెన్సిల్‌తో మెల్లగా లోపలికి చుట్టసాగాడు. సువర్ణ ఊపిరి బిగబట్టి చూస్తోంది.

పినపాకలో సారు ఇంటి వరండాలో ఆదివారం వస్తే ఇదే సందడి. ఎవరికి నచ్చిన సంగీతం వాళ్ళు తెచ్చి, పేరు చెప్పకుండా వినిపిస్తారు. మిగతావాళ్ళు రాగం చెప్పాలి. తప్పు చెప్పినవాళ్ళు పై వారం మిర్చిబజ్జీలు తేవాలి. దవాఖానాలో నర్సు సువర్ణ, మణుగూరులో కంప్యూటర్ సెంటర్ నడిపే బలరాం ఎంత పని ఉన్నా రాక మానరు.

ఆఖరున మాత్రం ఎప్పుడూ ఈ క్యాసెట్టే. భద్రాచలంలో, గోదావరి ఇసుకలో జరిగిన వేణువు కచేరీ. జనం మధ్య కూర్చుని సారే రికార్డు చేసుకున్నాడు. మోహన రాగం.

దానికి ఒకటే మచ్చ.

ఆలాపన పైకి పోయి, ఇంకా పైకి పోయి, ఒక్క క్షణం ఆగిన చోట ఎవరో ఆడమనిషి చెవి దగ్గర అన్నట్టే అంటుంది: "మంచిగున్నది గదా?"

"వచ్చింది మహాతల్లి!" అని బలరాం నెత్తి కొట్టుకుంటాడు.

ఆ వెంటనే వరండా మెట్టు మీద నుంచి ఇంకో గొంతు. "అవ్."

అది పగిడయ్య. అడవి ఊరి మనిషి. చీపుళ్ళు అమ్ముకోవడానికి సంతకు పోతూ, ఒక ఆదివారం ఈ వేణువు విని కట్ట నెత్తిన ఉండగానే గేటు దగ్గర నిలబడిపోయాడు. లోపలికి రమ్మంటే మెట్టు మీద కూర్చున్నాడు. అప్పటి నుంచి ప్రతి సంత రోజూ వస్తున్నాడు. మిగతా పాటలకు కునుకు తీస్తాడు. ఈ క్యాసెట్ పెట్టగానే నిటారుగా కూర్చుంటాడు.

"తాతా, ఇదేం రాగమో చెప్పు?" బలరాం టేపు చుడుతూనే అడిగాడు.

"నాకేం ఎరుక బిడ్డా."

"మరి పేపర్ దిద్దిన సార్ లెక్క అవ్ అంటవేంది?"

అందరూ నవ్వారు. పగిడయ్య కూడా నవ్వాడు.

"ఈసారి మీ ఇంటామెను గూడ తోల్కరా తాతా," అంది సువర్ణ. "బజ్జీలు పెడ్త."

"చిన్నక్కనా? పోయినేడు వానల్ల పోయింది బిడ్డా. పాటంటే దానికే పానం. నాకేం తెల్వదు."

సువర్ణ నవ్వు ఆపేసింది.

పగిడయ్య మెట్టు మీద నుంచి లేచి, మొదటిసారి టేప్ రికార్డర్ దగ్గరికి వచ్చాడు.

"సారూ, గిది ఖరాబైతే ఎట్ల? ఇగ ఇనరాదా?"

"అదే నా బాధ కూడా," అన్నాడు సారు. "టేపు బాగా అరిగింది."

బలరాం చిటిక వేశాడు. "నేను సీడీకి ఎక్కిస్త సార్! ఇగ అరిగేది లేదు, చిక్కేది లేదు. తలా ఒకటి. నీకు గూడ తాతా!"

"నాకా?" పగిడయ్య మొహం వెలిగిపోయింది. "మా మనుమడు రాజు తాన సీడీ పెట్టె ఉన్నది బిడ్డా. రోజు ఇనొచ్చా?"

"నీ ఇష్టమున్నన్ని సార్లు!"

పై ఆదివారం ఓడిపోకుండానే సువర్ణ బజ్జీలు తెచ్చింది. పగిడయ్య అందరికంటే ముందే వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. బలరాం బండి ఆపుతూనే సంచి ఎత్తి చూపించాడు.

"ఎక్కించిన సార్! ఎక్కించుడు అయినంక తెగింది టేపు. మన అదృష్టం చూడున్రి! గురగుర మొత్తం తీసేసిన. ఇంకోటి గూడ చేసిన. అది చెప్ప. ఇనున్రి."

వేణువు వరండాలోనే మోగినట్టుంది. సారుకు ఒళ్ళు పులకరించింది. ఆలాపన పైకి పోయింది. ఇంకా పైకి పోయింది. బలరాం వేలెత్తాడు.

"ఇగో... ఇగో..."

వేణువు ఆగింది. ఏ మాటా లేదు. మళ్ళీ కడిగిన ముత్యంలా కిందికి దిగింది.

"పోయింది! మహాతల్లి పోయింది!" బలరాం ఎగిరి గంతేశాడు. సువర్ణ చప్పట్లు కొట్టింది. సారు బలరాంను కౌగలించుకున్నాడు.

ఆ సందడిలో, కొంచెం ఆలస్యంగా, మెట్టు మీద నుంచి వినిపించింది.

"అవ్."

"తాత అవ్ తియ్యనీకి మాత్రం నా కంప్యూటర్ సాలదు!" అన్నాడు బలరాం. నవ్వులే నవ్వులు.

పగిడయ్య నవ్వలేదు. "ఆ మాట ఏది బిడ్డా?"

"కోసేసిన తాతా! అతుకు గూడ తెల్వకుంట!"

"పాత క్యాసెట్?"

"తెగింది గదా. పారేసిన."

"కంప్యూటర్‌లో అసలుది ఉంటది గదా బలరాం?" సువర్ణ అడిగింది.

"జాగ సాలక తీసేసిన అక్కా. దాంతోని ఇంకేం పని?"

పగిడయ్య ఆనందంతో మెరిసిపోతున్న బలరాం మొహం కేసి కాసేపు చూశాడు.

"మంచిగున్నది బిడ్డా," అన్నాడు.

సీడీని రెండు చేతులతో అందుకుని, తువ్వాలలో చుట్టుకుని, చీపుళ్ళ కట్ట ఎత్తుకున్నాడు.

సారు గేటు దాకా వెంట వచ్చాడు.

"పగిడయ్యా, ఆ కచేరీ రోజు నువ్వు కూడా అక్కడ ఉన్నావా?"

"ఉన్న సారూ. ఇసుకల మీ టేపు పెట్టె మా ఇద్దరి ముందటనే ఉండె."

అతను సంత వైపు నడిచి వెళ్ళిపోయాడు. లోపల బలరాం సీడీని మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. సారు గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

ఇన్ని ఆదివారాలు పగిడయ్య జవాబు చెప్పింది వేణువుకు కాదు, చిన్నక్కకు.