ఇక అడగదు

ఫిల్మ్‌నగర్‌లో ఆ సినిమా ఆఫీసు కంప్యూటర్ తెరిచినప్పుడల్లా, వీరయ్య ఫైలు ఏదని అడుగుతోంది.

ఫైటు సీనులో సెట్టు కూలి చనిపోయిన జూనియర్ ఆర్టిస్టు వీరయ్య. మర్నాడే అతని ఫైలుని మేనేజరు తన చేత్తో చెరిపేశాడు. డేటాబేస్ టేబుల్లో, అంటే ఆర్టిస్టుల పట్టికలో మాత్రం, పేరు మిగిలిపోయింది.

"ఆ అడగడం ఆపించమ్మా," అన్నాడు మేనేజరు.

"పేరు కూడా తీసేస్తేగానీ ఆగదండీ," అంది ఆపరేటర్ సత్యలక్ష్మి.

"తీసెయ్."

తీసేసి, టేబుల్ సరిచేసింది. కంప్యూటర్ ఇంకేమీ అడగలేదు.

బయట బెంచీ మీంచి వీరయ్య భార్య లేచి తలుపు దగ్గరకొచ్చింది. "మా ఆయన గా దినం షూటింగ్‌కే రాలేదంటున్నరు. జర గా కంప్యూటర్ల చూడమ్మా."

సత్యలక్ష్మి ఆమె కళ్ళముందే వెతికింది.

"ఆ పేరుతో ఎవరూ లేరమ్మా."

అది నిజమై ఇంకా పావుగంట కూడా కాలేదు.