మునగని పడవ

"మళ్ళీ మునిగిపోయింది నాన్నా," అంది వేదవతి, ఫోను బల్ల మీద పెడుతూ.

"నానింకా నోరే ఇప్పనేదు కదమ్మా," అన్నాడు బైరాగి. ఆ మాటకే తెర మీద అలలు ఇంతెత్తున లేచాయి. అప్పుడే పైకి తేలుతున్న బొమ్మ పడవ మళ్ళీ అడుక్కి పోయింది.

ఓడరేవు పక్కన ఏక్‌బాల్‌పూర్‌లో వాళ్ళున్న రెండు గదులూ ఆదివారానికల్లా ఖాళీ చేయాలి. కారణం బైరాగి గొంతు. ఓడల్లో సరుకు దించే వించీల మోతలో ముప్పయ్యేళ్ళు అరిచి అరిచి, రిటైరయ్యాక కూడా ఆయనకి మెల్లగా మాట్లాడటం చేతకాలేదు. మంచినీళ్ళడిగినా మేడమీదివాళ్ళు కొట్లాట అనుకుంటారు. గొంతు మూలాన పోతున్న ఇళ్ళలో ఇది మూడోది. ఆయన భార్య పున్నమ్మ కిందటిసారి కట్టిన మూటల్లో రెండు విప్పనేలేదు. విప్పి ఏం లాభం అంటుంది.

ఇవాళ నాలుగింటికి భవానీపూర్‌లో ఒక ఇంటాయన వీళ్ళని చూసి మాట్లాడతానన్నాడు. కింది వాటా, రోజంతా నీళ్ళు. మెట్లు లేవని పున్నమ్మ మోకాళ్ళు అప్పుడే సంబరపడుతున్నాయి. బ్రోకరు అభిజిత్ మొన్న వచ్చి, వీళ్ళతో పది నిమిషాలు మాట్లాడి, ఆ ఇల్లు మీకే అని ధీమాగా చెప్పి వెళ్ళాడు. బ్రోకర్లంతా అలాగే అంటారులే అనుకుంది వేదవతి.

ఆమె పిల్లల వెబ్‌సైట్లకి బొమ్మలు చేస్తుంది. పొద్దున్నే కూర్చుని తండ్రి కోసం ఒక పేజీ తయారుచేసింది. ఫోను మైకు ఎంత శబ్దం వింటే తెర మీద అల అంత లేస్తుంది. గీత దాటితే పడవ మునుగుతుంది. మొదట ఫ్యాను మోతకే మునిగింది. గీత పైకి జరిపింది. వీధిలో హారన్‌కి మునిగింది. మళ్ళీ జరిపింది. బైరాగికి మాత్రం ఎంత జరిపినా చాలలేదు. ఇక ఆమెకి ఓపిక పోయింది.

"గీత ఇంక కదలదు నాన్నా. నువ్వే తగ్గాల," అంది.

పాపం, ఆయన తగ్గాడు. నా పేరు బైరాగి, మేం ముగ్గురం అనే ముక్కని ఇరవైసార్లు అప్పజెప్పాడు. ఇరవై ఒకటోసారి పడవ ఊగింది గానీ మునగలేదు. ఆయన బనీను చెమటతో తడిసిపోయింది.

భవానీపూర్‌లో అభిజిత్ వాళ్ళని లోపల కూర్చోబెట్టి, ఇంకెవరికో ఇంకేదో ఇల్లు చూపించాలని వెళ్ళిపోయాడు. ఇంటాయన ముసలాయన, ఒంటరివాడు, మేడమీద ఉంటాడట. బైరాగి ఫోను మోకాలి మీద పెట్టుకుని, పడవ మీంచి చూపు తిప్పకుండా జవాబులు చెప్పాడు. పడవకి ఎవరి గొంతైనా ఒకటే కదా, అందుకని తల్లీ కూతురూ కూడా గొంతులు బాగా తగ్గించారు. ఎంతమంది ఉంటారని ఇంటాయన బెంగాలీలో అడిగాడు. చెప్పారు. కాసేపాగి మళ్ళీ అడిగాడు. మళ్ళీ అంత మెత్తగానే చెప్పారు. దేనికీ కాదనకుండా తలాడిస్తూ నవ్వాడు. ఎంత మర్యాదస్తుడో అనుకుంది పున్నమ్మ.

అరగంటలో పడవ ఒక్కసారి కూడా మునగలేదు.

తిరుగు బస్సులో బైరాగి కిటికీకి తలాన్చేశాడు.

"ఓడ మొత్తం దింపినా ఇంత అలుపు రానేదమ్మా," అన్నాడు, ఇంకా గుసగుసగానే.

వేదవతికి ఆయన మీద జాలేసింది. ఈ వయసులో మనిషి నోటికి గీత గీసి కూర్చోబెట్టినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. అయినా ఇల్లు దొరికితే చాలు, ఆ ఇంట్లో తలుపులన్నీ మూసుకుని ఆయన ఎంత కావాలంటే అంత అరుచుకోవచ్చు అనుకుంది.

ఇంటికొచ్చి ఇంకా చెప్పులు విప్పలేదు, అభిజిత్ ఫోను చేశాడు. ఇంటాయన వీళ్ళకి ఇవ్వనన్నాడట. తర్వాత వచ్చిన సంసారానికి తాళాలు కూడా ఇచ్చేశాడట. మా నాన్న ఒక్క మాటైనా గట్టిగా అన్నాడేమో ఇంటాయన్నే అడగమంది వేదవతి. ముగ్గురం అరగంటసేపూ గొంతెత్తలేదని చెప్పింది.



"కొంప ముంచారు కదా దీదీ," అన్నాడు అభిజిత్. "ఆయనకి బొత్తిగా చెవుడు, గుమ్మంలోకి ఎవరొచ్చినా మేడమీదికి వినబడేలా కేకేసి చెప్పేవాళ్ళు కావాలంటేనే, ఏక్‌బాల్‌పూర్ అంతా తిరిగి మీ నాన్నగారిని పట్టుకున్నాను."