కిటికీ పక్క సీటు

"కట్," అంది డైరెక్టర్. "కండక్టర్ గారూ, మళ్లీ మొదటినుంచి."

కండక్టర్ గారు తలుపు మూసి నుదురు తుడుచుకున్నాడు. కిక్కిరిసిన బస్సుల్లో జీవితమంతా నెగ్గుకొచ్చిన మనిషికి, కన్నకూతుర్ని గుమ్మంలో పలకరించడం చేతకావడం లేదు.

రేపు పెద్దమ్మాయి ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తోంది. పోయినసారి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ ప్రేమతో ఉక్కిరిబిక్కిరి చేసేశారు. పిల్ల మాట్లాడితే భయం, మాట్లాడకపోతే అంతకన్నా భయం. వారం తిరక్కుండా ఆమె గది తలుపేసుకుంది, ఆ తర్వాత మళ్లీ ఆసుపత్రికే చేరింది. ఈసారీ అలాగే చేస్తే ఇక ఇంటికే రానంటుందేమోనని తండ్రి భయం.

అందుకే తల్లీ తండ్రీ తమ్ముడూ నానమ్మా నలుగురూ ఆసుపత్రి మేడ మీది గదిలో, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ల కుటుంబాలకు చెప్పే తరగతుల్లో చేరారు. ఇవాళ ఆఖరి పాఠం, రిహార్సల్. పెద్దమ్మాయి వేషం డైరెక్టరే వేస్తోంది. తనను అందరూ డైరెక్టర్ అనే పిలవాలని షరతు కూడా పెట్టింది.

ఆమె బయటికి వెళ్లి తలుపు కొట్టింది. తండ్రి తీశాడు. తల్లి పళ్ల డాక్టరు ముందు కూర్చున్నట్టు నోరంతా తెరిచి నవ్వింది.

"మాత్ర వేసుకున్నావా?" అన్నాడు తండ్రి.

"మాత్ర వేసుకున్నావా తల్లీ?" అంది తల్లి.

"అక్కా, మాత్ర?" అన్నాడు తమ్ముడు.

"ఎంత చిక్కిపోయావే," అంది నానమ్మ. "మాత్ర వేసుకున్నావా?"

"కట్. నలుగురి కోసం నాలుగు మాత్రలు మింగాలా ఆ పిల్ల? ఒక్కరు అడగండి, ఒక్కసారి అడగండి. బామ్మగారూ, చిక్కిపోవడం ఊసు ఎత్తకూడదు."

"సరేలేవే," అంది నానమ్మ.

"డైరెక్టర్ని ఏమే, ఒసే అనకూడదు."

తమ్ముడు సోఫా మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు. తల్లికీ నవ్వాగలేదు. తండ్రికి మాత్రం చెమటలు పడుతున్నాయి.

"నావల్ల కాదు. నోరు తెరిస్తే తప్పే వస్తోంది," అన్నాడు.

డైరెక్టర్ అతని పక్కన కూర్చుంది. "బస్సెక్కిన మనిషిని ఏమని అడిగేవారు?"

"ఎక్కడికీ అని."

"ఎందుకెక్కావు, ఇన్నాళ్లూ ఏమైపోయావు అని ఎప్పుడైనా అడిగారా?"

"ఛ, అది మనకెందుకు?"

"అంతే మరి."

మళ్లీ తలుపు చప్పుడైంది. తండ్రి గొంతు సవరించుకుని తీశాడు.

"ఎక్కడికమ్మా?"

"ఇంటికి," అంది ఆమె. "కిటికీ పక్క సీటు ఉందా?"

"నీ సీటు నీకే ఉంది. జరగండి, జరగండి, లోపలికి జరగండి."

మిగతా ముగ్గురూ గోడకు అతుక్కుపోయేలా జరిగారు. నానమ్మ ఎందుకైనా మంచిదని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డైరెక్టర్ పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"పాసయ్యామా?" అన్నాడు తండ్రి, బెరుగ్గా.

"అయ్యారు. రేపు పెద్దమ్మాయిని పంపించేస్తున్నాను."

తండ్రి పట్టలేని సంతోషంతో రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. "రైట్, రైట్" అంటూ అందరినీ మెట్ల మీదుగా తోలుకుపోయాడు.

వాళ్లు గేటు దాటేదాకా కిటికీలోంచి చెయ్యి ఊపిన డైరెక్టర్, కూనిరాగం తీస్తూ వార్డులోకి వెళ్లి, తన మంచం కింది పెట్టె బయటికి లాగి, "మా నాన్న పాసయ్యాడు" అని నర్సుకు చెప్పి, బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది.